తెలుగు బీరువాలో లేని రెండో భాగం

మా రాయగడ లైబ్రరీలో తెలుగు పుస్తకాలకున్నది ఒకే ఒక్క బీరువా. దాన్ని ఖాళీ చేస్తారని లైబ్రేరియన్ చెప్పినప్పుడు మా అమ్మ చూసిన చూపుకి ఆయన రెండడుగులు వెనక్కి వేశాడు, పాపం.

జిల్లా నుంచి ఆఫీసరు వస్తాడట. ఏడాది పొడుగునా ఆ బీరువా ముట్టుకున్నది ఒక్క మనిషేనట. గ్రాంటు ఆపేసి అందులో పోటీపరీక్షల గైడ్లు పెడతారట. ఆ ఒక్క మనిషి మా అమ్మే. మా వీధి పిల్లలందరం ఒడియా మీడియం, తెలుగు మాట్లాడతాం గానీ అప్పటికి చదవలేం. అత్తలూ పిన్నులూ బడి మొహం చూసినవాళ్ళు కారు. అందుకే సాయంత్రాలు లైబ్రరీ వరండాలో అమ్మ పైకి చదివేది, చింతపండు గింజలు తీస్తూ వీధంతా వినేది. ఆ సాయంత్రాలంటే నాకు ప్రాణం.

ఆఫీసరొచ్చిన రోజు కూడా అమ్మ ఆపలేదు. నవల్లో నాయిక పడవెక్కింది, నడి ఏట్లో పడవకి చిల్లు పడింది. నిశ్శబ్దం పాటించమన్న బోర్డు కింద ఈ గోలేమిటని అడగడానికి వచ్చిన ఆఫీసరు, ఇంతమంది నోళ్ళు తెరుచుకుని ఉండడం చూసి, ఏమైందని నన్నడిగాడు. ఆయనకి తెలుగు రాదు. నేను ఒడియాలో చెప్పాను. ఆయన బూట్లు విప్పి మెట్టు మీద కూర్చున్నాడు. సరిగ్గా పడవ మునుగుతుండగా అమ్మ పుస్తకం మూసేసింది.

"తర్వాత?" అన్నాడాయన.

"తర్వాతది రెండో భాగంలో ఉంటాదండీ. ఈ బీరువాలో నేదు. గ్రాంటిస్తే కదా కొనేది," అంది అమ్మ.

నేనది ఒడియాలో చెప్పగానే, చూద్దాం అని ఆయన లేచి వెళ్ళిపోయాడు.

ఇంటికెళ్ళగానే అమ్మ బియ్యం డబ్బా వెనకనుంచి అట్ట చిరిగిన పుస్తకం తీసింది. రెండో భాగం! పుట్టింటి నుంచి తెచ్చుకున్నదట.

"బీరువాలో నేదన్నాను గానీ మనింట్లో నేదన్నానా? నోరు మూసుకో అమ్మీ," అంది. నేను నేలమీద పడి దొర్లుతూ నవ్వాను.

నెల తిరక్కుండా ఆఫీసరు మళ్ళీ వచ్చాడు. బీరువా సంగతి తేల్చలేదు. విజయనగరం పనిమీద వెళ్ళి, సొంత డబ్బుతో కొన్న రెండో భాగం అమ్మ చేతిలో పెట్టి, మళ్ళీ ఆ మెట్టు మీదే కూర్చున్నాడు. అమ్మ మొహం చూడాలి అప్పుడు.

ఇక మొదలెట్టింది. పడవ మునిగితే గుండెలు బాదుకుంది, పిల్ల ఒడ్డుకి చేరితే దేవుడికి దండం పెట్టింది. నేను పెదవి కొరుక్కుంటూ ఒడియాలో చెబుతున్నాను. తడిసిన బట్టలతో నాయిక ఎవరిదో తలుపు తట్టింది. అంతే, అమ్మ భోరుమంది.

ఆఫీసరు నా వైపు వంగి, "తలుపింకా తీయలేదు కదా, మీ అమ్మగారు ఎందుకేడుస్తున్నారు?" అన్నాడు.

దొరికిపోయాం! బీరువా పోయిందనే అనుకున్నాను. అయినా ఆ మాట అమ్మకి చెప్పాను. అమ్మ కొంగుతో ముక్కు తుడుచుకుంది.

"లోపలున్నది ఎప్పుడో తప్పిపోయిన దాని అక్కేనని సెప్పు. ఎన్నిసార్లు సదివినా నాకిక్కడ ఏడుపాగదని సెప్పు," అంది.

చెప్పాను. ఆయన కళ్ళజోడు తీసి తుడుచుకునేంతగా నవ్వాడు.

"గైడ్లకి వేరే బీరువా చూస్తాలే. ముందా తలుపు తీయమను," అన్నాడు.