రైలు కూత భయం నుంచి ప్రభువు నన్ను విడిపించిన విధం

ప్రభువునందు ప్రియమైన సహోదరులారా, సహోదరీలారా, మీలో చాలామంది నన్ను ఆస్పత్రి వార్డుల్లో పాలక్యాను పట్టుకుని తిరిగే లూర్దమ్మగానే ఎరుగుదురు, చదువుల కోసం ఇంత దూరం వచ్చి మన తెలుగు పూజలో కూర్చుంటున్న కాలేజీ పిల్లలైతే నన్ను అమ్మమ్మ అనే పిలుస్తారు, కానీ ఒకప్పుడు నేను ట్రాఫిక్ అనే పేటలో ఉన్న మా రైల్వే క్వార్టర్ తలుపులు, కిటికీలు మూసుకుని, చెవుల్లో దూది పెట్టి, దాని మీద తువ్వాలు బిగించి కట్టుకుని కూర్చునేదాన్నని ఇక్కడ కొద్దిమంది పెద్దవాళ్ళకే తెలుసు. రైలు కూత వినపడితే నా చేతిలో ఏది ఉంటే అది కింద పడిపోయేది. గంజి వారుస్తుండగా గిన్నె పడి నా పాదం కాలింది, ఆ మచ్చ ఇప్పటికీ ఉంది. ఖరగ్‌పూర్‌లో కాపురముండి రైలు కూత వినకూడదంటే ఎలా కుదురుతుంది చెప్పండి. పగలు లేదు, రాత్రి లేదు, ఏదో ఒక ఇంజన్ కూస్తూనే ఉండేది, నేను వణుకుతూనే ఉండేదాన్ని.

ఆ భయం ఎక్కడి నుంచి వచ్చిందో చెప్పాలంటే కొంచెం వెనక్కి వెళ్ళాలి. నేను పుట్టింది ఉత్తరాంధ్రలో, కొండల కింద ఒక పల్లెలో. మా నాన్న చోళ్ళు, అంటే రాగులు, నువ్వులు పండించేవాడు, ఇంట్లో ఆవులూ గేదెలూ ఉండేవి, నేను నడక నేర్చిందే పశువుల సాలలో. నాకు చిన్నప్పటి నుంచీ ప్రతిదానికీ ఎందుకని అడిగే అలవాటు. గేదె నెమరు ఎందుకు వేస్తుంది, వాన ముందు చీమలు గుడ్లు ఎందుకు మోసుకుపోతాయి, ఇలా ఉండేవి నా ప్రశ్నలు. ఉపదేశి గారు మంగళవార్త జపం నేర్పిస్తుంటే దేవదూత మరియతల్లితో ఏ భాషలో మాట్లాడాడని అడిగాను. అమ్మ నా నెత్తి మీద ఒక్కటి వేసింది. నాన్న మాత్రం, "అడగనీవే. గుంట అడిగితే దేవుడికేటి కోపమొస్తాదా" అన్నాడు. ఆ మాటే నాకు ఆస్తి అనుకోండి.

పెళ్ళయి ఈ ఊరు వచ్చాను. నా భర్త రాయప్ప రైల్వే యార్డులో పనిచేసేవారు, రైలు పెట్టెలను ఒక లైను మీంచి ఇంకో లైను మీదికి మార్చేటప్పుడు జెండా ఊపి ఇంజన్‌కు దారి చూపించే పని. నెమ్మదైన మనిషి, నా ప్రశ్నలకు విసుక్కునేవారు కాదు. మధ్యాహ్నం నేను క్యారేజీ పట్టుకుని యార్డు గేటు దగ్గరికి వెళ్ళేదాన్ని, ఆయన నన్ను చూసి దూరం నుంచే చెయ్యి ఊపేవారు.

అది చలికాలం, మధ్యాహ్నం ఎండ హాయిగా ఉంది. ఆయన లైన్ల మధ్య నిలబడి ఎప్పటిలాగే నాకు చెయ్యి ఊపారు. ఊపిన ఆ చెయ్యి మెల్లగా గుండె మీదికి పోయింది. రెండో చేతిలోని పచ్చజెండా జారిపోయింది. ఆయన పట్టాల మీదికి వచ్చి మోకాళ్ళ మీద కూలబడ్డారు. నేను క్యారేజీ కింద పెట్టేశాను. అప్పుడు, ఆగి ఉన్న పెట్టెల వెనక నుంచి ఇంజన్ వచ్చింది, అప్పటికింకా యార్డులో బొగ్గు ఇంజన్లు తిరుగుతున్నాయి, అది ఒక్క పొడవాటి కూత పెట్టింది. నేను చెవులు మూసుకున్నాను, కళ్ళు కూడా మూసుకున్నాను. తెరిచేసరికి ఇంజన్ ఆయన ముందు ఆగిపోయి ఉంది, ఆయన పక్కకు ఒరిగి ఉన్నారు. ఇంజన్ ఆయనను తాకలేదు. గుండె ఆగి పోయారని డాక్టరు గారు చెప్పారు.

సహోదరులారా, చావు అందరికీ ఉన్నదే, విధవరాలిని అయ్యానని ఏడ్చాను, సర్వేశ్వరుని చిత్తమని సర్దుకోవడానికి ప్రయత్నించాను, కానీ ఒక ప్రశ్న నన్ను పట్టుకుని వదలలేదు. ఆ కూత ఆయనకు వినపడిందా? ఇంజన్ మీదికి వస్తోందని తెలిసి, లేవబోయి, లేవలేక, ఆ భయంలోనే పోయారా? నేను కళ్ళు మూసుకున్న ఆ కాస్తసేపట్లో ఏం జరిగింది? డాక్టరు గారిని అడిగితే అది ఎవరూ చెప్పలేరమ్మా అన్నారు. ఆ డ్రైవర్ ఎవరో తెలుసుకుందామంటే వేరే ఊరికి బదిలీ చేయించుకుని వెళ్ళిపోయాడన్నారు. మన గుడి విచారణ గురువుల దగ్గరికి వెళ్ళాను, ఆయన, "నాకు తెలియదు లూర్దమ్మా. తెలిసినట్టు చెప్పడం తప్పవుతుంది. దేవుణ్ణే అడుగు, అడగడం మానకు" అన్నారు. అప్పటి నుంచి నా ప్రార్థన ఒక్కటే అయిపోయింది. "ప్రభువా, నా భర్తను తిరిగి ఇమ్మని అడగడం లేదు. ఆ కూత ఆయన విన్నారో లేదో చెప్పు. అంతే చాలు."

జవాబు రాలేదు, భయం పెరిగింది. ప్రతి కూతకూ ఆయన మోకాళ్ళ మీద కూలబడడం నా కళ్ళముందుకు వచ్చేది. గుడికి రావాలంటే రైలు లైను దాటాలి, అందుకని పూజకు రావడం మానేశాను. పిల్లలు చిన్నవాళ్ళు, మా పెద్దమ్మాయి రోజీయే తమ్ముడికి అన్నం పెట్టి బడికి పంపేది. నా సంగతి విని ఊరి నుంచి మా అన్నయ్య జోజి వచ్చాడు. "ఎలిపోదాం రాయే అమ్మీ. మన ఊర్ల ఏ రైలూ కుయ్యదు. పిల్లలకి పాలకీ కూటికీ లోటేటి, నాను సూసుకుంటాను" అన్నాడు. నేను సరేనన్నాను, సామాను కట్టాము, రిక్షా ఎక్కాము. కానీ రైలుకు భయపడి పారిపోవాలంటే రైలే ఎక్కాలి కదా. స్టేషన్ మెట్ల దగ్గర ఒక ఇంజన్ కూసింది, నేను అక్కడే కూర్చుండిపోయాను, అన్నయ్య ఎంత లాగినా లేవలేదు. చివరికి అందరం అదే రిక్షాలో తిరిగి వచ్చేశాము. అది తలుచుకుంటే ఇప్పుడు నాకు నవ్వొస్తుంది. ఆరోజు మాత్రం, నన్ను దేవుడు ఈ ఊళ్ళోనే పాతిపెట్టదలిచాడు అనుకున్నాను.

కొంతకాలం గడిచింది. ఒక ఉదయం కన్యాస్త్రీల మఠం నుంచి సిస్టర్ గారు పరుగున మా ఇంటికి వచ్చారు. మఠంలో ఒక ఆవు ఉండేది. పొద్దుటి నుంచి నొప్పులు పడుతోందని, దూడ బయటికి రావడం లేదని, పశువుల డాక్టరు ఊళ్ళో లేడని, మా రోజీ బళ్ళో ఎప్పుడో వాళ్ళమ్మ పశువులున్న ఇంట్లో పుట్టిందని చెప్పిందట, అందుకని వచ్చానని గుక్క తిప్పుకోకుండా చెప్పారు. "నాను గుమ్మం దాటలేను సిస్టర్" అన్నాను. ఆవిడ ఏమీ బోధించలేదు. "అది అరుస్తోంది లూర్దమ్మా" అని మాత్రం అన్నారు. ఈనలేని ఆవు అరుపు ఎలా ఉంటుందో నాకు తెలుసు. ఎలా బయలుదేరానో తెలియదు, వెళ్ళాను.

దూడ ముందుకాలు ఒకటి లోపల మడతపడి ఉంది. చిన్నప్పుడు నాన్న నా చెయ్యి సన్నగా ఉందని ఇలాంటి పనికి నన్నే పిలిచేవాడు. చేతికి నూనె రాసుకుని, ఆవు నొప్పి ఆగిన సమయం చూసి దూడను కొంచెం వెనక్కి నెట్టి, కాలు సరిచేసి, మళ్ళీ నొప్పి వచ్చినప్పుడు సిస్టర్ గారితో కలిసి లాగాను. పెయ్యదూడ. అది ఊపిరి తీసుకునేదాకా గడ్డితో రుద్దుతూనే ఉన్నాను, తల్లి నాకడం మొదలుపెట్టాక గోడకు ఆనుకుని కూర్చున్నాను. అప్పుడు సిస్టర్ గారు నన్ను వింతగా చూసి, "ఇంతసేపూ పక్కన ఎన్ని రైళ్ళు పోయాయో, నువ్వు వణకలేదు" అన్నారు.

మఠం గోడ పక్కనే రైలు లైను. నేను ఒక్క కూత కూడా వినలేదు. అది నాకు చాలా వింతగా తోచింది. చెవులు అవే, కూతలు అవే, మరి ఎందుకు వినపడలేదు? ఇంటికి వచ్చాక పరీక్షించి చూశాను. ఊరికే కూర్చుంటే కూత వచ్చి గుండెల్లో గుచ్చుకుంటోంది. ఇంకొక ప్రాణి కోసం చేతులు పనిలో ఉంటే గుచ్చుకోవడం లేదు. అందుకని రోజూ మఠానికి వెళ్ళి ఆవును చూసుకునేదాన్ని. మఠానికి సరిపోగా మిగిలిన పాలు ఆస్పత్రిలో ఎవరూ లేని రోగులకు తీసుకుపోతావా అని సిస్టర్ గారు అడిగారు. అలా మొదలైంది నా పని. పాలు పోస్తూ పోస్తూ బెంగాలీ నేర్చుకున్నాను, ఒడియా కొంచెం వచ్చింది, మన తెలుగు ముసలమ్మలకు నొప్పి ఎక్కడో నర్సు దీదీలకు నేనే చెప్పేదాన్ని. అయినా సహోదరులారా, నేను పూర్తిగా విడుదల పొందలేదు. పని ఆగితే భయం గుమ్మంలో నిలబడే ఉండేది, నా ప్రశ్న అలాగే ఉండేది.

ఇప్పుడు అసలు సంగతి చెబుతాను. ఏళ్ళు గడిచాక ఒక ఆదివారం మధ్యాహ్నం వార్డులో ఒక కొత్త రోగి కనిపించాడు. మన ఊళ్ళోనే ఇందా అనే పేటలో ఉండే బెంగాలీ మనిషి, పేరు నిమాయి దాదా, పక్కన భార్య మాలతి దీదీ కూర్చుని ఉంది. ఆయన కళ్ళు మూసుకుని ఉన్నాడు, కానీ కుడిచెయ్యి పైకి లేచి గాలిలో దేన్నో పట్టుకుని కిందికి లాగుతోంది, మళ్ళీ లేస్తోంది, మళ్ళీ లాగుతోంది. నా బుద్ధి మీకు తెలుసు కదా, ఊరుకోలేక అడిగాను.

"ఏం లాగుతున్నాడు దీదీ?"

"ఎప్పటి నుంచో ఇంతే. డ్రైవర్‌గా చేశాడు కదా, కలలో ఇంజన్ నడుపుతుంటాడు" అంది ఆమె.

ఆయన కళ్ళు తెరిచాడు. "నడపడం కాదు, తాడు లాగి కూత వేస్తున్నాను" అన్నాడు.

"ఎవరి కోసం దాదా?"

"పట్టాల మీద కూర్చున్న మనిషి కోసం."

మంచం ఊచ పట్టుకున్నాను. "పచ్చజెండా మనిషా?" అని అడిగాను. నీకెలా తెలుసని ఆయన అడిగాడు. "ఆయన భార్యను నేనే దాదా" అన్నాను.

మాలతి దీదీ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. ఆయన లేచి కూర్చోవడానికి ప్రయత్నించి, కుదరక, పడుకునే చేతులు జోడించాడు. "నన్ను క్షమించు దీదీ. పెట్టెలు దాటి వచ్చేసరికి ఎదురుగా మోకాళ్ళ మీద ఉన్నాడు. కూత వేసి బ్రేకు పట్టాను. కూత వెయ్యగానే ఒరిగిపోయాడు. నా కూతకు జడిసే అతని గుండె ఆగిపోయింది. ఎవరికీ చెప్పలేదు, బదిలీ అడుక్కుని వెళ్ళిపోయాను, రిటైరయ్యాకే ఈ ఊరు తిరిగి వచ్చాను" అన్నాడు.

నేను ఆయన చేతులు పట్టుకున్నాను. "కాదు దాదా. నీ ఇంజన్ పెట్టెల వెనక నుంచి ఇంకా బయటికే రాలేదు, అప్పటికే ఆయన చెయ్యి గుండె మీదికి పోయింది, జెండా పడిపోయింది. నేను గేటు దగ్గర నిలబడి కళ్ళారా చూశాను. నీ కూత తర్వాత వచ్చింది." ఆయన నమ్మలేక మళ్ళీ చెప్పమన్నాడు. మళ్ళీ చెప్పాను. ఆ ముసలాయన పసిపిల్లవాడిలా ఏడ్చాడు.

అప్పుడు నేను అడిగాను. ఇన్నేళ్ళు దేవుణ్ణి అడిగినదే ఆయనను అడిగాను. "నేను కళ్ళు మూసుకున్నాను దాదా, నువ్వు చూశావు. నన్ను ఓదార్చడానికి చెప్పకు, నిజం చెప్పు. కూత ఆయనకు వినపడిందా?"

ఆయన ఆ రోజును మళ్ళీ చూస్తున్నట్టు కళ్ళు మూసుకున్నాడు. "అతని మొహం నా వైపే ఉంది. కూత వింటే పశువైనా తల ఎత్తుతుంది. అతను ఎత్తలేదు. భుజం కూడా అదరలేదు. కళ్ళు మూసి ఉన్నాయి, అలిసిపోయి కునుకు పట్టిన మనిషిలా ఉన్నాడు. లేదు దీదీ, అతనికి వినపడలేదు" అన్నాడు.

సహోదరీలారా, నేను ఆ మంచం పక్కనే నేల మీద మోకరించాను. "ప్రభువా, నాకు కావలసిన జవాబు ఈయన దగ్గర ఉంచావు, ఈయనకు కావలసింది నా దగ్గర ఉంచావు. ఇన్నేళ్ళు మమ్మల్ని ఎందుకు వేరుగా ఉంచావో నాకు తెలియదు. అది కూడా ఒకరోజు చెప్పు. ఈరోజుకు నీకు స్తోత్రం" అని ప్రార్థించాను. నేను ప్రార్థిస్తుండగానే బయట ఒక బండి కూసింది. నా చేతిలో జపమాల ఉంది, అది పడలేదు. "ఏటంటోంది దాదా ఆ ఇంజను?" అని తెలుగులోనే అడిగేశాను, ఆయనకు మన భాష కొంచెం అర్థమవుతుంది. "స్టేషన్‌లోకి రావడానికి దారి ఇమ్మంటోంది" అన్నాడు. అప్పటిదాకా కూతకు ఒక మాట ఉంటుందని నాకు తెలియదు. ఆయన ఇంటికి వెళ్ళేలోగా పొడవు కూత దేనికి, పొట్టి కూత దేనికి, గార్డును పిలవడానికి ఎలా కూస్తారు, అన్నీ అడిగి నేర్చుకున్నాను. మాలతి దీదీ మాత్రం, ఆయన చెయ్యి ఇప్పుడు లేవడం లేదని, హాయిగా నిద్రపోతున్నాడని ప్రతిసారీ చెప్పేది.

ఆయన తర్వాత చాలా ఏళ్ళు బతికాడు. ఆయన తన దేవుడికి దండం పెట్టుకునేవాడు, నేను నా జపమాల చెప్పుకునేదాన్ని, వాళ్ళింట్లో చేపల కూర తినని పండగ లేదు. మేము కలుసుకున్న ఏడాది క్రిస్మస్‌కు నేను పిల్లలతో రైలెక్కి మా ఊరు వెళ్ళాను, దారిపొడవునా కిటికీ దగ్గర కూర్చుని ప్రతి కూతకూ అర్థం చెబుతూ వాళ్ళను నిద్రపోనివ్వలేదని రోజీ ఇప్పటికీ దెప్పుతుంది. ఆమెకే ఇప్పుడు మనవలు ఉన్నారు. నన్ను ఇంతకాలం బతికించి, కరోనా రోజుల్లో కూడా ఈ గుడి వంటింట్లో గంజి కాచే బలమిచ్చి, నడిపించినది దేవుడే. మహిమ అంతా ఆయనకే చెందాలి, నాకు కాదు.

మీలో ఎవరి గుండెలోనైనా జవాబు రాని ప్రశ్న ఉంటే దాన్ని దాచుకోకండి, ప్రభువు ముందు పెట్టండి, రోజూ పెట్టండి, ఆయన విసుక్కోడు. జవాబు వచ్చేదాకా ఊరికే కూర్చోకండి, ఎవరి మంచం దగ్గరికైనా వెళ్ళండి. ఈ శనివారం మధ్యాహ్నం నేను ఆస్పత్రికి వెళుతున్నాను, రాగలిగినవాళ్ళు గుడి గేటు దగ్గరికి రండి. మగవాళ్ళ వార్డులో, కిటికీ పక్క మంచం మీద ఒక ఒడియా ముసలాయన ఉన్నాడు, ఆయన కోసం ఎవరూ రారు, పాలు పోస్తే తాగడు, పలకరిస్తే గోడవైపు తిరుగుతాడు. ఎందుకు తిరుగుతున్నాడో నాకింకా తెలియలేదు. మనం వెళ్ళి ఆయననే అడుగుదాం.