అమ్మ గుంజని కాళ్లు

నావి దొడ్డికాళ్లు. మోకాళ్ల మధ్య నుంచి కుక్కపిల్ల దూరిపోతుందని బడిలో ఏడిపించేవాళ్లు. పిల్లేం ఖర్మ, కుక్కే దూరేది. దీనికంతటికీ కారణం అమ్మేనని మా ఇంట్లో తీర్పు. ఇచ్చింది నానమ్మ. పసిపిల్లకు నీళ్లు పోసేటప్పుడు నూనె రాసి, రెండు కాళ్లూ దగ్గరికి చేర్చి గుంజాలి. అమ్మ సరిగ్గా గుంజలేదట. సాక్ష్యం కూడా ఉంది. నా తర్వాత పుట్టిన తమ్ముడికి నానమ్మే నీళ్లు పోసింది, వాడి కాళ్లు రోకళ్లలా ఉన్నాయి.

"ఒక్క కడుపుల పుట్టినోళ్లే. ఫరక్ నీళ్లు పోసిన చేతులది," అనేది ఇంటికొచ్చిన ప్రతివాళ్లతో. అమ్మ వాళ్లకు చాయ్ ఇచ్చి లోపలికి పోయేది.

నాయినవీ దొడ్డికాళ్లే. అయితే అవి చిన్నప్పుడు ఎడ్లబండి మీంచి పడితే వచ్చినవట. మేమిద్దరం దిల్‌సుఖ్‌నగర్ బస్టాండ్ దగ్గర పక్కపక్కన నడుస్తుంటే జనం తిరిగి తిరిగి చూసేవాళ్లు. మా ఇంట్లోవాళ్లకే ఏమీ కనబడలేదు. ఆ మాటకొస్తే నాకూ కనబడలేదు.

పాలు, కాల్షియం మాత్రలు, డాబా మీద ఎండ, అన్నీ అయ్యాయి. ఉద్యోగంలో చేరాక మెట్లు ఎక్కలేనంత మోకాళ్ల నొప్పి మొదలైతే అమ్మ, నాయిన, నేను ఎల్బీ నగర్‌లో ఒక దవాఖానకు వెళ్లాం. డాక్టర్ నాకంటే ముందు నాయిన నడకను చూశాడు. ప్యాంటు పైకి మడవమన్నాడు. పరీక్షలన్నీ అయ్యాక చెప్పాడు: ఎముకకు కావలసిన ఫాస్ఫరస్ మూత్రంలో పోతోంది, పుట్టుకతో వచ్చిన జబ్బు, తండ్రికి ఉంటే ఆడపిల్లలందరికీ వస్తుంది, మగపిల్లలకు రాదు.

"నీళ్లు పోసేటప్పుడు గుంజకపోతే ఇట్లయితదంటరు సార్?" అని అడిగాను, అమ్మ వినాలని.

ఎవరు ఎంత గుంజినా ఇంతేనన్నాడు. అమ్మ ఫ్యాను వైపు చూస్తూ కూర్చుంది. నానమ్మ బతికి ఉంటే బాగుండునని మొదటిసారి అనిపించింది. చచ్చి తప్పించుకుంది ముసలిది.

ఒక కాలు తర్వాత ఒకటి, ఎముక కోసి, వంపు తీసి, లోపల రాడ్లు వేశారు. నెలల తరబడి మూడో అంతస్తులోని మా ఇంటి గదిలో మంచమే లోకం. ఆఫీసు స్నేహితులు మొదట ఫోన్లు చేశారు, తర్వాత ఫోన్లోనే గుండె బొమ్మలు పంపారు, తర్వాత అవీ లేవు. నాయిన గుమ్మంలో నిలబడి, నా కాళ్ల వైపు చూడకుండా "ఎట్లుంది?" అని అడిగి వెళ్లిపోయేవాడు. కిటికీలోంచి మెట్రో కనబడేది. సీటు దొరకక నిలబడ్డవాళ్లను చూసి కుళ్లుకునేదాన్ని. ఏడుపొచ్చేది, ఏడ్చేదాన్ని.

వాకర్ పట్టుకుని నిలబడ్డ వారం హయత్‌నగర్ నుంచి మేనత్త వచ్చింది.

"ఇప్పుడెంత మంచిగున్నయి. అప్పుడే వదిన జర గుంజి నీళ్లు పోస్తే గీ కోసుడు తప్పేది కద," అంది.

నాయిన చాయ్ గ్లాసు కింద పెట్టాడు. "నా కాళ్లే చెల్లె దానికొచ్చినయి. దాని తల్లి మంచిగనే పోసింది."

పుట్టినప్పటి నుంచి ఆ ఇంట్లో నేను వినాలనుకున్న మాట అదొక్కటే. వంటింట్లో గిన్నెల చప్పుడు ఆగింది. అమ్మ మాత్రం బయటికి రాలేదు.

మేనత్త వెళ్లాక, అమ్మ నూనె గిన్నె తెచ్చుకుని నా మంచం మీద కూర్చుంది. కుట్ల మచ్చలు తప్పించి రాసింది. రెండు బొటనవేళ్లూ పట్టుకుని కాళ్లు దగ్గరికి చేర్చి చూసింది. మధ్యలో సందు లేదు.

"నాయిన ఏమన్నడో ఇన్నవా?"

"ఇన్న."

"డాక్టర్ గూడ గదే చెప్పిండు కదమ్మా."

"వాళ్లేమన్న చూసిన్రా, నేను నీళ్లు పోస్తుంటె?" అంది అమ్మ, వేళ్లు వదలకుండా. "గుంజితె గుక్కపట్టి ఏడ్సేదానివి. నీ ఏడుపు చూడలేక ఇడిసిపెట్టిన బిడ్డా."