రెండుగా తెగిన గ్రౌండ్

గువో దహై లాన్‌జెన్‌ను జుట్టు పట్టుకుని రేకులు నొక్కే ప్రెస్సు దాకా ఈడ్చుకొచ్చాడు. రెండో చేతిలో ఇనుప కడ్డీ. పొద్దున ఆ ప్రెస్సే అతని తమ్ముడి వేళ్ళు నుజ్జు చేసింది. అచ్చు మీద రక్తం ఇంకా కడగలేదు.

"మీ తమ్ముడే తొక్కాడయ్యా పెడలు! నిద్రమొహం వెధవ," అని ఫ్యాక్టరీ ఓనరు తాంగ్ గోడవారనుంచి అరిచాడు.

"ఈ ప్రెస్సు బుర్రలో ఉండే సర్క్యూట్ బోర్డు గీసేది నువ్వేగా? నువ్వు చెప్పవే. తొక్కాడా?" అని దహై ఆమెను నిలదీశాడు.

డోంగ్‌గువాన్‌లో ఆ ఫ్యాక్టరీల వీధి వీధంతా లాన్‌జెన్ గీసిన బోర్డులే. గీతలన్నీ అయ్యాక కంప్యూటర్‌లో ఒక్క మీట నొక్కి ఖాళీలన్నీ రాగితో నింపేస్తుంది. అప్పుడు బోర్డు నిండుగా, ముచ్చటగా కనిపిస్తుంది. ఆ ముచ్చటే కొంప ముంచుతుందని కొత్తవాళ్ళను తిట్టిపోసేది. నింపాక తిరగేసి చూడండే, అడుగున గ్రౌండ్, అదే కరెంటు తిరిగొచ్చే రాగి పొర, ఎక్కడైనా తెగిందేమో చూడండే అని నెత్తిన మొట్టేది.

ఆమె ప్రెస్సు డబ్బా మూత పీకి, బోర్డు విప్పి తిరగేసింది. అడుగున రాగిని ఒక గీత ఈ చివరనుంచి ఆ చివరకు కోసేసింది. తాంగ్ తొందరపెడితే ఆఖర్న లాగిన గీత అది. పైన పెడలు తీగ సరిగ్గా ఆ కోత మీదుగానే పోతోంది. దాని కరెంటు తిరిగొచ్చే దారి తెగడంతో, అది చుట్టూ తిరిగి రావాలి. ఆ చుట్టుదారిలో పక్క మోటారు అదురు చొరబడితే, ఎవరూ తొక్కకపోయినా తొక్కినట్టే. గీసిన రోజు ఆమె తిరగేసి చూడలేదు.

బోర్డు మళ్ళీ బిగించింది. "అందరూ దూరం జరగండి. పక్క మోటారు వేసి ఆపి, వేసి ఆపి చూడండి," అంది.

"వేస్తా, నాకేం భయం!" అన్నాడు తాంగ్. దహై కడ్డీని అచ్చు కింద పెట్టాడు. మోటారు రెండుసార్లు వేసినా ఏమీ కాలేదు. తాంగ్ వెకిలిగా నవ్వి మళ్ళీ వేశాడు. ప్రెస్సు ధన్‌మని దిగింది. కడ్డీ వంగిపోయింది.

దహై తాంగ్ మీద పడ్డాడు. తాంగ్ ముక్కు చితికి చొక్కా ఎర్రబడింది. చెయ్యి మెలిపెట్టి అచ్చు వైపు లాక్కొస్తుంటే తాంగ్ పందిలా అరుస్తున్నాడు. లాన్‌జెన్ నోరు మూసుకుని ఉంటే అక్కడితో సరిపోయేది.

"అతన్నొదిలెయ్ అన్నా. గీసింది నేను. చూసుకోనిది నేనే."

దహై తాంగ్‌ను వదిలి ఆమె మణికట్టు పట్టుకున్నాడు. అచ్చు కిందకి తోశాడు. "మోటారు వేయండ్రా!"

పనివాళ్ళెవరూ కదల్లేదు. హాలు అవతలి వరుసలో మాత్రం ఆడపిల్లలు కూర్చున్న ప్రెస్సులు ధన్ ధన్‌మని కొడుతూనే ఉన్నాయి.

"ముందు వాళ్ళని లేపన్నా," అంది లాన్‌జెన్. "ఆ ఆడపిల్లల చేతులు లోపలే ఉన్నాయి. వాటిల్లోనూ ఈ బోర్డే. తర్వాత నా చెయ్యి నీ ఇష్టం."

దహై ఆమె దవడ మీద గుద్దాడు. నోట్లో పన్ను కదిలింది. తర్వాత వంగిన కడ్డీ తీసుకుని మెయిన్ స్విచ్ దగ్గరకు పరుగెత్తి, అది ఊడి కిందపడేదాకా బాదాడు.

అవతలి వరుస ఆగిపోయింది. ఆడపిల్లలు చేతులు బయటికి తీసి బిత్తరపోయి చూస్తున్నారు. లాన్‌జెన్ చెయ్యి ఇంకా అచ్చు కిందే ఉంది. తీయాలని ఆమెకు తోచలేదు.