సత్తెమ్మ కప్పు మీద అమెరికా కన్ను

సుబేదారు దేవసహాయం గారికి ఆకాశం మీద నమ్మకం లేదు. పటాలం నుంచి రిటైరై అల్లవరం వచ్చిన ఏడాదే, అమెరికావాళ్లు ఆకాశంలో ఆయుధాలు పెడతారట అని రేడియోలో విన్నారు. ఆనాటి నుంచి గొడుగు లేకుండా గుమ్మం దిగితే ఒట్టు. ఎండకీ కాదు, వానకీ కాదు, ఉపగ్రహానికి.

"వాళ్లకి మన అల్లవరంతో ఏం పనండీ?" అంది భార్య జ్ఞానమ్మ.

"కొబ్బరికాయలే! ఎవడి కన్నయినా ముందు వాటి మీదే పడుద్ది."

కోనసీమ రక్షణ విధానం ఆయనే తయారుచేశారు. గేదెలు పైకి కనపడకుండా వీపుల మీద పచ్చగడ్డి కట్టాలి. వడియాలు వరసగా పెట్టకూడదు, పైనుంచి చూస్తే సిపాయిల కవాతు అనుకుంటారు. జ్ఞానమ్మ పెట్టిన వడియాలన్నీ ఆయనే చెల్లాచెదురు చేసేవారు. గేదెలు మాత్రం ఒకదాని రక్షణ ఒకటి నమిలేసేవి.

పక్కింటి సత్తెమ్మకి ఈ గోలంటే ఒళ్లుమంట. ఆవిడ బెంగ వేరే. మొగుడు పోయాక ఇంటికప్పు నేయించలేదు. తాటాకు కుళ్లి, పడుకుంటే చుక్కలు కనపడుతున్నాయి. ముసురు పట్టేలోగా కొత్త ఆకు పడకపోతే మట్టిగోడలు నిలవవు. అలాగని సాయమంటే ఊరుకోదు. కిందటేడు ఊళ్లోవాళ్లు తలో మోపు తాటాకు తెస్తే, "నేనేం ముష్టిదాన్నా?" అని చీపురు పుచ్చుకుని తరిమింది.

మృగశిర కార్తె దగ్గరపడింది. ఓరోజు సుబేదారుగారు బండెడు తాటాకూ, ఇళ్లు నేసేవాళ్లనూ వెంటేసుకొచ్చి, గొడుగు కిందనుంచి కేకేశారు.

"సత్తెమ్మా! నీ కప్పు చిల్లుల్లోంచి వంటిల్లంతా అమెరికాకి కనపడిపోతోంది!"

"నా గంజి చూసి వాళ్లేం చేసుకుంటారండీ?"

"గంజి కాదమ్మా, దేశం! ఇక్కడ చిల్లుంటే జిల్లా అంతా దొరికిపోయినట్టే. ఇది సాయం కాదు, ఆర్డరు. కాదంటే దేశద్రోహం!"

చీపురు ఎత్తబోయిన సత్తెమ్మ ఆగిపోయింది. సాయాన్నయితే తరమొచ్చు గానీ, దేశాన్ని ఎలా తరుముతుంది?

"ఆయ్, దేశం కోసమైతే కానివ్వండి," అంది మూతి తిప్పుకుంటూ.

మొదటి వానకి సత్తెమ్మ ఇంట్లో చుక్క పడలేదు. పక్కింట్లో మాత్రం ఒకటే గిన్నెల మోత. వెళ్లి చూస్తే, సుబేదారుగారు మంచం మీద గొడుగేసుకుని కూర్చున్నారు. కుళ్లిన తాటాకులోంచి నీళ్లు కారుతుంటే చుట్టూ బిందెలు.

"మీ ఇంటికని కొన్న ఆకు మా ఇంటి మీదేసేరా?"

"తప్పదు సత్తెమ్మా. శత్రువుకి కనపడ్డానికి ఒక్క ఇల్లయినా ఉండాలి గదా! లేకపోతే అనుమానపడతాడు."

జ్ఞానమ్మ బిందె మారుస్తూ నవ్వాపుకుంది. సత్తెమ్మకి ఆ మనిషి మీద పట్టరాని అభిమానమూ, దాంతోపాటే ఒళ్లుమండే కోపమూ వచ్చాయి.

వాన తెరిపివ్వగానే, తన ఇంటికి వేయగా మిగిలిన తాటాకు మోపు నెత్తిన పెట్టుకుని, నిచ్చెన ఈడ్చుకుంటూ వచ్చింది.

"నేనెవరి సాయమూ పుచ్చుకోను సత్తెమ్మా," అన్నారు సుబేదారుగారు బింకంగా.

"సాయమెవరు చేస్తున్నారండీ? రష్యావాడు కూడా చూస్తున్నాడంట. నిచ్చెన పట్టుకోండి!"

సుబేదారుగారు గుమ్మం దిగి, ఒకసారి ఆకాశంకేసి చూసి, మొట్టమొదటిసారి ఆరుబయట గొడుగు ముడిచారు. నిచ్చెన పట్టుకోడానికి రెండు చేతులూ కావాలి మరి.