హలో బాబాయ్ ఇంటి ఫిల్టర్

ఆయన అసలు పేరు పెళ్ళానికైనా గుర్తుందో లేదో! స్తంభమెక్కి "హలో, హలో, వినబడుతోందా?" అని అరిచే ఆ టెలిఫోను లైన్‌మన్ వీధి మొత్తానికీ హలో బాబాయే. మనిషి బంగారం, కానీ నోట్లో నువ్వుగింజ నానదు. కూతురికి కంప్యూటర్లోనే ఇంటర్వ్యూ అని తెలిసింది మొదలు, కనబడ్డవాళ్ళందరికీ చెప్పుకుని మురిసిపోయాడు. పాపం, ఆ పిల్లకి ఉద్యోగం రెండుసార్లు చేతిదాకా వచ్చి జారిపోయింది. ఈసారీ పోతే ఇంక ప్రయత్నించనని తెగేసి చెప్పింది.

ఇంటర్వ్యూ రోజు పొద్దున్నే ఎదురింటి దర్జీ అక్క పరుగెత్తుకొచ్చింది. "బాబాయ్, ఫోను మోగితే చాలు, నెట్ పోతోంది! ఆర్డర్లన్నీ ఆగిపోయాయి."

చూడబోతే ఫిల్టర్ పాడైంది. ఒకే రాగి తీగ మీద మాటా, నెట్టూ రెండూ వస్తాయి కదా, ఒకదాని జోలికి ఒకటి పోకుండా ఫోను దగ్గర తగిలించే అగ్గిపెట్టంత డబ్బా అది. ఆఫీసులో అడిగితే కొత్తవి లేవన్నారు.

"మా ఇంట్లోది పెడతాలే. మాకు ఈ పూట ఫోన్లెవరు చేస్తారు?" అని మన మహానుభావుడు సొంత ఫిల్టర్ ఊడదీసి ఇచ్చొచ్చాడు. ఇంట గెలిచి రచ్చ గెలవమన్నారు, ఈయనదెప్పుడూ తలకిందులే!

ఇంటర్వ్యూ మొదలైంది. అమ్మాయి సెల్ ఆపేసుకుంది. దాంతో దీవెనలన్నీ ఇంటి ఫోనుకే వచ్చిపడ్డాయి. ముందు మరదలు. "పిల్లకి ఆల్ ది బెస్ట్ చెప్పు బావా!"

గదిలోంచి కేక. "నాన్నా, నెట్ పోయింది!"

మోడెం మీద దీపం మళ్ళీ పచ్చగా వెలిగి, పిల్ల "సారీ సార్" అందో లేదో, ఫోను మళ్ళీ మోగింది. ఈసారి పాలవాడు.

"ఊరంతా చాటింపు వేసొచ్చారుగా, ఊరంతా చేయదా మరి?" అని భార్య తల పట్టుకుంది.

అప్పుడు తట్టింది ఆయనకి. ఒక్క ఉదుటున వెళ్ళి ఫోను తీగ పీకేసి, అది చేత్తో పట్టుకుని అక్కడే చతికిలబడ్డాడు. నా చేతులతో నేనే పిల్ల నోటికాడ కూడు తీశానని కళ్ళనీళ్ళు పెట్టుకున్నాడు.

చాలాసేపటికి తలుపు తెరుచుకుంది.

"నెట్ ఎందుకు పోయిందని అడిగారు నాన్నా. మా నాన్న మా ఫిల్టర్ ఎదురింటికి ఇచ్చేశాడని చెప్పాను."

"అయ్యో, అదెందుకు చెప్పావే తల్లీ!"

"పగలబడి నవ్వారు. ఇంటి నుంచే చేసే పని కదా, రేపు మళ్ళీ లైను పోతే ఏం చేస్తావన్నారు."

"నువ్వేమన్నావు?"

"మా నాన్న ఉన్నాడుగా అన్నాను. సోమవారం చేరమన్నారు. నువ్వు ముందా తీగ వదిలి, ఫిల్టర్ తెచ్చిపెట్టు!"