నాలుగో రోజు పడవ

మా మనవరాలు థాయిలాండ్ వెళ్తానన్నప్పుడు ఇంట్లో ఎగిరిపడింది నేను కాదు, నా కొడుకు. ఆడపిల్ల, స్నేహితులతో, అందులో ముగ్గురు మగపిల్లలు, దేశం కాని దేశం అని వాడు వారం రోజులు సణిగాడు. నేను వెళ్ళనివ్వమన్నాను. పదిహేనేళ్ళకే గోపాలపూర్ నుంచి చేపల తట్ట నెత్తిన పెట్టుకుని బరంపురం బజారుకి ఒక్కదాన్నీ వచ్చినదాన్ని నేను. ఆ పిల్ల ఆసుపత్రి ల్యాబులో రోజంతా జనాల రక్తం సీసాల్లోకి తీస్తుంది. పూరీ, విశాఖపట్నం తప్ప ఏ ఊరూ ఎరగదు. తన జీతంతో తను నాలుగు చోట్లు చూస్తానంటే తప్పేముంది? చివరికి నా కొడుకు చేతులెత్తేశాడు.

"మా యమ్మ ఊఁ అంటే ఎల్లు. నానింకేటీ అనను."

అలా ఆ మాట నా నోటికి వచ్చి పడింది.

ఊఁ అనే ముందు ఒకటి అడిగాను. ఏ రోజు ఎక్కడుంటావో, ఎలా వెళ్తావో చెప్పు, రాసుకుంటాను అన్నాను. నాకు అక్షరాలు యాభై దాటాక వచ్చాయి. మా పేటలో ఆడవాళ్ళకి మధ్యాహ్నం పూట బడి పెడితే వెళ్ళి నేర్చుకున్నాను. మనవరాలికి ఒడియా, ఇంగ్లీషు వచ్చు. తెలుగు మాట్లాడుతుంది గాని చదవలేదు. నాకు తెలుగు ఒక్కటే వచ్చు, అదీ నెమ్మదిగా. వాళ్ళ ప్లానంతా ఫోనులో ఇంగ్లీషులో ఉంది. అది చదివి చెప్పడం, నేను నోటుబుక్కులో ఎక్కించడం. ఒక్కో మాట రాయడానికి నాకు పట్టే సేపట్లో అది అదే మాట మూడుసార్లు చెప్పాల్సి వచ్చేది.

ఆదివారం మధ్యాహ్నం వరండాలో కూర్చున్నాం.

"మొదటి రోజు రైలు మామ్మా. ఇక్కణ్ణుంచి కలకత్తా. నాలుగు బెర్తులే దొరికాయి, ఆరుగురం అడ్జస్ట్ అయిపోతాం."

రాశాను. ఆ 'డ్జ' ఎలా రాయాలో తెలియక రెండుసార్లు కొట్టేశాను.

"విమానం తెల్లారగట్ట. అంతవరకూ ఎయిర్‌పోర్టులోనే అడ్జస్ట్. రెండో రోజు రూము. ముగ్గురికి ఇచ్చే రూము. మేం ఆరుగురం గానీ..."

"అడ్జస్టు," అన్నాను.

"నీకూ వచ్చేసింది మామ్మా," అని నవ్వింది.

తిండి దగ్గరా అదే మాట. అటుకులు, మన ఆవకాయ పట్టుకెళ్తారట, ఒక పూటకి అవే. చేతి సంచి ఏడు కిలోలు దాటకూడదట. దాటితే చొక్కా మీద చొక్కా నాలుగు తొడుక్కుంటారట. ఇవన్నీ నాకు నవ్వొచ్చిన సంగతులే. కుర్రవాళ్ళ ఒళ్ళు దేనికైనా వంగుతుంది. ఒకరి మీద ఒకరు పడుకుంటే మెడ పట్టేస్తుంది, అంతే కదా.

"ఏ నెలలోనే?"

"దసరా అయిపోయాక. అక్కడ అప్పుడు వానలు, అందుకే అన్నీ సగానికి సగం."

నా పెన్ను ఆగింది. దసరా దాటాక మా గోపాలపూర్ సముద్రం ఎలా ఉంటుందో ఆ ఒడ్డున పుట్టినవాళ్ళని అడగాలి. ఆ తుఫాన్ల నెలలో మేం ఆకాశం చూసి గాని పొయ్యి వెలిగించేవాళ్ళం కాదు. అయినా అది వేరే సముద్రం, నాకేం తెలుసు అనుకుని రాసేశాను.

"నాలుగో రోజు చిన్న దీవికి. పొద్దున్న ఎల్లి సాయంత్రం వొచ్చేయడం. పెద్ద స్టీమరుంది గానీ దానికి ఎక్కువ. మేం పడవ మాటాడుకున్నాం. ఎనిమిది మంది పడతారంట. హైదరాబాదు వాళ్ళు నలుగురు కలుస్తున్నారు, అప్పుడు తలకి సగమే పడుద్ది."

"మీరు ఆరుగురు, వాళ్ళు నలుగురు. పడవోడు ఉండడేటి?"

"ఉంటాడు మామ్మా. పదకొండు."

"ఎనిమిదిలో పదకొండు ఎలాగే?"

మళ్ళీ చెప్పడానికి అది నోరు తెరిచింది గాని, ఆ మాట ఈసారి చిన్నగా వచ్చింది. "అడ్జస్ట్ అయిపోతాం."

నేను రాయలేదు. కళ్ళు లాగుతున్నాయి, రేపు రాద్దాం అని పుస్తకం మూశాను.

ఇక్కడ ఒక సంగతి చెప్పాలి, ఇది ఇంట్లో ఎవరికీ తెలియదు. మా ఆయన పడవ కూడా ఎనిమిది మందిదే. ఒక ఏడు మా తమ్ముడి పడవ పలక విరిగింది. వాడూ వాడి తోడల్లుడూ పని లేక కూర్చున్నారు. మా ఆయన పడవలోకి వాళ్ళని తీసుకోవడానికి ఒప్పుకోలేదు. ఒడ్డు కాడ అలలు దాటేటప్పుడు బరువు పనికిరాదన్నాడు. నేనే గుమ్మంలో నిలబడి, "ఇద్దరే కదా, సర్దుకోండి, నా తమ్ముడు పస్తుంటే మనం తింటామా" అన్నాను. ఆయన నా మొహం చూసి సర్దుకున్నాడు. ఇరవై రోజులు పది మంది వెళ్ళి పది మంది వచ్చారు. నేను చెప్పింది నిజమైందని నాకు గర్వంగా కూడా ఉండేది. ఇరవై ఒకటో రోజు ఒడ్డుకి కేక వేస్తే వినపడేంత దూరంలో పడవ తిరగబడింది. మా ఆయన వచ్చాడు, మిగిలినవాళ్ళూ ఈదుకొచ్చారు. మా తమ్ముడు మూడో రోజు వచ్చాడు, వచ్చాడంటే అల తెచ్చి పడేసింది. నేనన్న ఆ మాట మా ఆయన బతికున్నన్నాళ్ళూ ఎత్తలేదు, ఎవరికీ చెప్పలేదు. అన్న సంగతి మా ఇద్దరికే తెలుసు. ఇప్పుడు నాకొక్కదానికే.

మర్నాడు మనవరాలితో తేల్చి చెప్పాను. "ఎల్లు. అన్నీ సూడు. నాలుగో రోజు పడవ మాత్రం ఎక్కకు. ఎక్కనని నా సేతిలో సెయ్యేసి సెప్పు, మీ నాన్నతో ఊఁ అంటాను."

చెయ్యి వేసింది. కానీ ఆ సాయంత్రమే మిగిలినవాళ్ళు ఇంటికి దిగారు. వాళ్ళలో పెద్దరికం ఒక ఒడియా కుర్రాడిది. బ్యాంకులో పని, చవక బేరాలు వెతకడంలో దిట్ట. బరంపురంలో పుట్టినవాడు కాబట్టి తెలుగు బాగానే మాట్లాడతాడు.

"మామ్మా, ఆరుగురని లెక్క. ఒకరు తగ్గితే ఖర్చు మిగిలినోళ్ళ మీద పడుద్ది."

"పడనీ. పడవ మునిగితే పడేదానికన్నా తక్కువే."

"అక్కడ రోజూ తిరుగుతారు మామ్మా ఆ పడవలు. చళిజిబొ." నడిచిపోతుందిలే అని వాళ్ళ భాషలో.

"నాయనా, మీ అమ్మకి సెప్పావా ఎనిమిదిలో పదకొండని?"

వాడు నవ్వేశాడు. పక్కనున్న పిల్ల, "మామ్మ ఎప్పుడూ ఇలాగే భయపెడతాదేటే?" అంది మా మనవరాలితో. ఇంకొకడు మా పిల్లకి అప్పుడే పేరు పెట్టేశాడు, ఒడ్డున కూర్చునే ఒడ్డమ్మ అని. అందరూ నవ్వారు. అదీ నవ్వింది, కానీ దాని చెవులు ఎర్రబడ్డాయి. నేను చూశాను. భయపెట్టడానికి నా దగ్గర అసలు మాట ఉంది, అది చెప్పి ఉంటే ఎవరూ నవ్వేవాళ్ళు కాదు. చెప్పలేకపోయాను. టీ ఇచ్చి పంపేశాను.

వెళ్ళారు. రైల్లో సర్దుకున్నారు, ఎయిర్‌పోర్టులో సర్దుకున్నారు, రూములో సర్దుకున్నారు. రోజూ ఫొటోలు. నాలుగో రోజు మధ్యాహ్నం అన్నం తింటుంటే నా కొడుకు ఫోను పట్టుకొచ్చాడు.

"సూడమ్మా, ఎలా నవ్వుతున్నారో."

పడవలో ఐదుగురు పిల్లలు, వెనక ఇంకెవరో నలుగురు. మా పిల్ల లేదు.

"అదెక్కడరా?"

"అదే తీసుంటాది ఫొటో."

"పడవలోంచా, ఒడ్డు నుంచా?"

వాడికి ఆ తేడా తెలియలేదు. నేను ఫోను దగ్గరకి పెట్టుకుని చూశాను. మొహాలన్నీ పైకెత్తి ఉన్నాయి. పై నుంచి తీసింది, రేవు గట్టు మీద నుంచి. నా ప్రాణం ఒక్క క్షణం కుదుటపడింది. తర్వాత పడవ వైపు చూశాను. నీళ్ళకీ పడవ అంచుకీ మధ్య జానెడు కూడా లేదు. బల్లలు తడిసి ఉన్నట్టున్నాయి, పిల్లలు లైఫ్ జాకెట్లు తొడుక్కోవడం మానేసి వాటి మీద కూర్చున్నారు.

"ఫోను సెయ్యిరా. దిగిపోమని సెప్పమను."

మా పిల్ల వెంటనే ఎత్తింది, వాళ్ళని దిగిపోమని చెప్పమన్నాను. "ఎల్లిపోయినారు మామ్మా. గంటైంది. ఇక్కడ నెట్టు నేక ఫొటో ఇప్పుడెల్లినట్టుంది."

"గాలెలాగుంది?"

"గాలే నేదు. ఆకాశమంతా తెల్లగా ఉంది. ఏటి మామ్మా?"

దసరా దాటాక గాలి లేని అలాంటి తెలుపు మా ఒడ్డున తుఫానుకి ముందొచ్చేది, నాకిష్టం లేదు. "ఏటీ నేదు. అక్కడే కూసో," అన్నాను. కంచంలో అన్నం అలాగే ఉంది. ఆ ఐదుగురి తల్లులూ ఆ ఫొటోనే చూస్తుంటారు. మొహాలు చూస్తారు. పడవ అంచు ఎవరు చూస్తారు? చెబుదామంటే వాళ్ళ నంబర్లు నా దగ్గర లేవు. ఉన్నా ఏం చెప్పాలి? పడవ వెళ్ళిపోయింది.

చీకటి పడకముందే రావలసినవాళ్ళు రెండు గంటలు ఆలస్యంగా వచ్చారు. అందరూ వచ్చారు. ఇంజను రెండుసార్లు ఆగిపోయిందట. ఒకడు మూతి కోసిన డబ్బాతో దారంతా నీళ్ళు తోడాడట. ఇదంతా బరంపురం వచ్చాక మా వరండాలోనే చెప్పుకున్నారు, నాకు చాక్లెట్ డబ్బా ఇచ్చి. నీళ్ళు తోడినవాణ్ణి ఎలా తోడాడో చేసి చూపించమంటే వాడు చూపించాడు. పొట్ట పట్టుకుని నవ్వారు.

"అంత బాగుంది మామ్మా ఆ దీవి," అన్నాడు ఒడియా కుర్రాడు. "మీ ఒడ్డమ్మ మిస్సయిపోయింది."

మా మనవరాలు నవ్వలేదు. చాక్లెట్ కాగితం మడతలు పెడుతూ కూర్చుంది. నాలుగో రోజంతా రేవు గట్టు మీద ఉక్కలో ఒక్కతే కూర్చుందట. సాయంత్రం వాళ్ళు తడిసి, గోల చేస్తూ దిగినప్పుడు దీన్ని ఎవరూ పలకరించలేదట. ఇది మర్నాడు వాళ్ళమ్మతో చెబుతుంటే విన్నాను.

వచ్చే ఏడాదికి ఇండోనేషియా అట. ఈసారి దీవి నుంచి దీవికి, రెండు రోజులు పడవలోనే. అదే నెల, అప్పుడే చవక కాబట్టి. పడవ పది మందిది. వీళ్ళ ప్లాను విని ఇంకెవరో కలుస్తామన్నారట, పద్నాలుగు మంది అయ్యారు. నా కొడుకు ఈసారి ఏమీ సణగలేదు. పోయినసారి క్షేమంగా వచ్చారు కదా.

"మరి పడవ కాడ నువ్వేటి సేస్తావే?" అని అడిగాను.

"ఎక్కుతాను మామ్మా. ఎన్నిసార్లని ఒడ్డున కూసోను? అందరూ వొచ్చినారు కదేటి, ఏటైంది?"

ఈసారి దాని చెయ్యి నా చేతిలో వేయించుకోలేను. వేయించుకోవాలంటే మా తమ్ముడి సంగతి చెప్పాలి. అది చెబితే ఆ రోజు గుమ్మంలో నిలబడి సర్దుకోమన్నది ఎవరో కూడా చెప్పాలి. నా కొడుక్కి వాడి మేనమామ సముద్రంలో పోయాడని తెలుసు, అంతే.

రోజూ పొద్దున్న అది టిఫిను డబ్బా సర్దుకునేటప్పుడు చెబుదామని వంటగదిలోకి వెళ్తున్నాను. ఉప్పు సరిపోయిందా అని అడిగి వచ్చేస్తున్నాను. టికెట్లు ఈ ఆదివారం తీస్తారట.