కాలవ నీళ్ళ రంగు బండి

మా మేనత్త పోయిన కబురు నేను మొదట చర్చి వాట్సాప్ గ్రూపులో చూశాను. "ప్రభువునందు నిద్రించారు" అని ఒక వాక్యం, దాని కింద జోడించిన చేతుల బొమ్మలు వరసగా. ఆసుపత్రి నుంచి అమ్మ ఫోన్ చేసేలోపే ఊరంతా చేతులు జోడించేసింది. ఎవరో రెండు ముక్కలు రాశారు కూడా: "మంచి టీచరు. మోటారు సైకిలు నడిపేది." ఆ రెండో ముక్క వెనక ఏం జరిగిందో తెలిసినవాళ్ళం కొద్దిమందిమే. అందుకే ఇది రాస్తున్నాను. నాన్న చదువుతారని తెలిసే రాస్తున్నాను.

అత్త అంటే నాన్నకి చెల్లెలు. గవర్నమెంటు హైస్కూల్లో హిందీ టీచరు. పొట్టి మనిషి, గొంతు మాత్రం గేటు దాకా వినబడేది. ద్రాక్షారామం రోడ్డులో ఇల్లు. పిల్లలు లేరు. మామయ్య కరెంటాఫీసులో గుమాస్తా, ఆదివారాలు చర్చిలో పాటలు పాడేవాడు. ఆ ఇంట్లో ఇంకో మనిషి మామయ్య తల్లి. మేమంతా ఆవిణ్ణి మామ్మ అనేవాళ్ళం.

మామయ్యకి వాళ్ళ నాన్న ఇచ్చిన పాత మోటారు సైకిలు ఉండేది. రెండు సైలెన్సర్లు. పెట్రోల్లో ఆయిల్ కలిపి పొయ్యాలి. కిక్కు కొట్టిన రాడ్డునే ముందుకి వంచితే అదే గేరు రాడ్డయ్యేది. దాన్ని తయారుచేసిన కంపెనీ ఎప్పుడో మూతబడింది. "కంపెనీ పోయింది, నేనున్నానుగా" అనేవాడు మామయ్య.

ఒక మధ్యాహ్నం ఎవరిదో పెళ్ళి ప్రధానం భోజనానికి వెళ్ళి తిరిగొస్తూ, లాకుల దగ్గర మలుపులో బండితో సహా కాలవలో పడిపోయాడు. వెనక ఆటోలో వస్తున్న నాన్నే దిగి బయటికి లాగారు. అప్పటికే అయిపోయింది. గట్టు మీద మూగిన జనం ఎలా జరిగింది, ఎలా జరిగింది అని అడుగుతుంటే నాన్న అన్నారట, "నోట్లో వాసన వచ్చిందండి" అని.

ఆ ఒక్క మాట మామయ్య కంటే ముందు ఇంటికి చేరింది. ఆ ప్రధానం ఇంట్లో పెరట్లో కొందరు తాగారన్నది నిజమే, కాబట్టి ఎవరికీ అనుమానం రాలేదు. అప్పటి పాస్టరుగారు సమాధి దగ్గర మత్తు గురించి నాలుగు మాటలు చెప్పారు. జీవితంలో సోడా తప్ప ఇంకేమీ తాగని మామయ్య శవపెట్టె పక్కన నిలబడి చెప్పారు. మామ్మ ఆ రోజు నుంచి కొడుకు పేరెత్తడం మానేసింది. గోడ మీద ఫోటో తీయించేసింది. అత్త మళ్ళీ పెట్టేది. మామ్మ మళ్ళీ తీయించేది.

బండి పోలీసు స్టేషను వెనక పడి ఉండేది. కేసు ముగిశాక తీసుకెళ్ళమన్నారు. దాని చువ్వల్లోంచి తీగలు అల్లుకుపోయాయి. అత్త ట్రక్కాటో మాట్లాడి ఇంటికి తెచ్చి కారు షెడ్డులో పెట్టించింది. కారు లేని షెడ్డు అది. నాన్న ఆ సాయంత్రమే వచ్చారు.

"మనిషిని మింగిన బండే అది. ఇంట్లో పెట్టుకుంటావా? తూకానికిచ్చెయ్."

"ఆయన తుడిచేవాడు అన్నయ్యా. నేనూ తుడుస్తాను."

తుడవడంతో ఆగలేదు. ఫోన్లో వీడియోలు చూడటం మొదలెట్టింది. పాత బళ్ళు విప్పి బాగుచేసేవాళ్ళ వీడియోలు అన్నీ హిందీలోనే ఉండేవి. ఉత్తరాదిలో ఎక్కడో పాత సామాన్లు అమ్మే అతనికి ఫోన్ చేసి గంటలకొద్దీ బేరమాడేది. అతను బహన్‌జీ అంటే ఈవిడ అతని లింగాలు, వచనాలు దిద్దేది. "ఇన్నేళ్ళు హిందీ చెప్పానే. ఒక్కడికీ రాలేదు. చివరికి నాకే పనికొచ్చింది" అంది నాతో.

నేను కాకినాడలో ఉద్యోగం చేసేదాన్ని. శనివారాలు అత్త దగ్గరికి వెళ్ళేదాన్ని. పాత చీర కొంగు నడుంలో దోపి, ముక్కు మీద కళ్ళజోడు జారుతుంటే మోచేత్తో పైకి తోసుకుంటూ, నేల మీద గోనెపట్టా పరుచుకుని కూర్చునేది. గోళ్ళలో గ్రీజు పోయేది కాదు. స్కూల్లో పిల్లలు నవ్వితే, "నవ్వండి, ఇది అన్నం పెట్టే చెయ్యే" అనేదట. ఇంజను కాలవ నీళ్ళు తాగి బిగుసుకుపోయింది. నేను గట్టిగా తిప్పబోతే చెయ్యి మీద కొట్టింది.

"బలవంతం చెయ్యకు. ఆయిల్ పోసి ఊరుకో. అదే వస్తుంది."

వచ్చింది. వారాలు పట్టింది కానీ వచ్చింది. "తుప్పుకి సెలవులుండవే, మనకీ ఉండకూడదు" అని క్రిస్మస్ నాడు కూడా చర్చి నుంచి రాగానే షెడ్డులోకే వెళ్ళింది. ఇరుగు పొరుగు వాళ్ళు మొగుణ్ణి చంపిన బండికి సేవ చేస్తోందని చెవులు కొరుక్కున్నారు. మామ్మ మంచం మీంచే అరిచేది, "తాగుబోతు బండి, తాగుబోతు బండి" అని. ఆ అరుపుల మధ్యే అత్త పని చేసుకునేది.

వెనక చక్రం విప్పిన రోజు నేనక్కడే ఉన్నాను. బ్రేకు నొక్కినప్పుడు దాని ప్లేటు చక్రంతో పాటు గిర్రున తిరిగిపోకుండా పట్టుకుని ఉండే ఇనప పట్టీ ఒకటుంటుంది. దాని బోల్టు ఊడిపోకుండా ఒక పిన్ను ఉంటుంది. ఆ పట్టీ ఒక కొస వేలాడుతోంది. బోల్టు లేదు. అది లేకపోతే బ్రేకు నొక్కగానే చక్రం పట్టేస్తుంది. ఎండిపోయిన బురద గీకుతుంటే, పిన్ను ఉండాల్సిన చోట పట్టీకి చుట్టుకున్న తెగిన తీగ ముక్క బయటపడింది. ఆకుపచ్చ ప్లాస్టిక్ తొడుగున్న తీగ.

ఆ తీగ ఎక్కడిదో నేను చెప్పక్కర్లేదు, అత్త అడగక్కర్లేదు. కడియంలో నాన్న నర్సరీ. మొక్కల్ని నెమళ్ళలా, ఏనుగుల్లా వంచి కట్టేది ఆ తీగతోనే. మామయ్య పోయేముందు వారంలో మా నర్సరీ దగ్గర బండికి పంచరైంది. చక్రం తీసిందీ, తిరిగి బిగించిందీ నాన్న. ఆ రోజు వాళ్ళిద్దరికీ టీ ఇచ్చింది నేను.

అత్త ఆ పట్టీని విప్పి ఒళ్ళో పెట్టుకుంది. తర్వాత నాన్నకి ఫోన్ చేసి, "ఓసారి రా అన్నయ్యా, చక్రం ఎత్తాలి" అంది.

నాన్న వచ్చారు. అత్త పట్టీని ఆయన చేతిలో పెట్టింది.

"దీనికి చుట్టుకున్నదేంటి?"

నాన్న చూశారు. "పిన్ను దొరకలేదే ఆ రోజు. షాపుకెళ్ళి వేయించుకో బావా అని చెప్పాను."

"సరే. మర్చిపోయి ఉంటాడు. వాసన వచ్చిందని చెప్పింది కూడా నువ్వే కదా. వచ్చిందా?"

"అందరూ మీద పడి అడుగుతున్నారు. ఏదో ఒకటి చెప్పాలి కదే."

"వచ్చిందా, రాలేదా?"

"రాలేదు."

నాన్నకి గట్టు మీద ఉన్నప్పుడే తీగ గుర్తొచ్చిందా, లేక కంగారులో నోరు జారారా, నాకు తెలియదు. ఆయన్ని ఎప్పుడూ అడగలేకపోయాను. అత్త మాత్రం గుర్తొచ్చే ఆ మాట అన్నారని నమ్మింది.

"లోపల మా అత్తగారున్నారు. వెళ్ళి చెప్పు. నా మాట నమ్మదు. మొగుడి మీద ప్రేమతో కల్పించానంటుంది. వాసన చూసినవాడివి నువ్వు, నువ్వే చెప్పాలి."

నాన్న మామ్మ గదిలోకి వెళ్ళారు. మేము గుమ్మం దగ్గర నిలబడ్డాం. మామ్మ ఆయన చెయ్యి పట్టుకుంది.

"రా బాబూ. నీకు మొహం చూపించలేకపోతున్నాను. నా కొడుకు నీ చెల్లెలి గొంతు కోశాడు. నన్ను క్షమించు నాయనా" అని ఏడ్చింది.

నాన్న నోరు తెరిచారు. "ఊరుకోండత్తయ్యగారూ" అన్నారు. ఆ మాటే ఇంకోసారి అని, బయటికొచ్చేశారు.

"వచ్చే వారం చెప్తానే. ఇవాళ ఆవిడ ఒంట్లో బాలేదు" అన్నారు వాకిట్లో చెప్పులేసుకుంటూ. వచ్చే వారం పొలం పని, ఆ పై వారం మొక్కల లోడు. మామ్మ ఆగలేదు. పోయే ముందు అత్తని దగ్గరికి పిలిచి, "నన్ను వాడి పక్కన పెట్టొద్దు" అంది. అత్త ఆ మాట నిలబెట్టింది. తల్లి సమాధి ఆ మూల, కొడుకు సమాధి ఈ మూల. "చచ్చేవాళ్ళకి మాటిచ్చాక తప్పకూడదు కదే" అంది. అప్పుడు కూడా ఏడవలేదు.

ఆ తర్వాత బండి పని జోరందుకుంది. పొట్టి కాబట్టి సీటు తగ్గించింది. హ్యాండిల్ తనవైపుకి వంపించింది. వెనక సీటు తీసేసి అక్కడ మడ్‌గార్డు మీద నున్నటి రేకు వేయించింది. ఎవరూ కూర్చోడానికి లేకుండా. రంగు తనే వేసింది, గోధుమకీ బూడిదకీ మధ్య ఏదో రంగు. ఇదేం రంగత్తా అంటే, "కాలవ నీళ్ళ రంగు. బురద పడినా కనబడదు" అంది. మొదటిసారి స్టార్టయినప్పుడు షెడ్డంతా పొగ. ఆ పొగలో నిలబడి దగ్గుతూ నవ్వింది. ఆవిడ నవ్వు చూడటం నాకదే చివరిసారి.

నాకు బండి నేర్పింది కూడా అప్పుడే. నేను ఆ రోజుల్లో మొగుణ్ణి వదిలి పెళ్ళి తెంచుకోవాలా వద్దా అని నలుగుతున్నాను. అత్త సలహాలేమీ ఇవ్వలేదు. ఖాళీ రోడ్డు మీద పక్కన నడుస్తూ, "భయమేస్తే వెయ్యనీ. క్లచ్చు మాత్రం వదలకు" అంది. ఆ మాట పట్టుకునే నేను ఆ ఏడాది గడిపాను. ఇప్పుడు నాకంటూ ఒక ఇల్లుందంటే ఆ మాట వల్లే.

ఆదివారం చర్చి అయ్యాక అత్త చుడీదార్ వేసుకుని బండి మీద కడియం వచ్చేది. మా నర్సరీ గేటు ముందు ఆపేది. దిగేది కాదు, ఇంజను కట్టేసేది కాదు. గేటులోపలికి చూస్తూ కాసేపు అలాగే ఉండేది. బండి దడదడమంటూ ఉండేది. మొక్కల వరసల మధ్య నాన్న ఎక్కడున్నా ఆ చప్పుడు వినబడేది. అమ్మ పరిగెత్తుకుని వెళ్ళి బతిమాలేది.

"లోపలికి రా వదినా. అన్నం తిని వెళ్ళు."

"ఆపితే మళ్ళీ స్టార్టవదు వదినా."

అది అబద్ధం. ఆ బండి ఒక్క కిక్కుకే లేచేది.

ఏళ్ళు గడిచాయి. ఆదివారం ఉదయం నుంచే నాన్నకి అన్నం సహించేది కాదు. చప్పుడు దూరంగా వినబడగానే మొక్కల నీడకి కట్టిన షేడ్‌నెట్ కిందకి, ఎవరూ లేని వరసల్లోకి వెళ్ళిపోయేవారు. ఒకసారి నేను అత్తతో గట్టిగానే అన్నాను.

"నువ్వు చేస్తున్నది హింస అత్తా."

"అవును."

"ఎన్నాళ్ళు?"

"చెప్పేదాకా."

"ఇంకెవరికి చెప్తారు? మామ్మే లేదుగా."

"ఎవరికైనా సరే. నలుగురికి వినబడేలా ఒక్కసారి." స్పానరు తుడిచి డబ్బాలో పెడుతూ అంది, "బిగుసుకున్న ఇంజన్లో ఆయిల్ పోశాను, వచ్చింది. మీ నాన్న దగ్గరే రాలేదు."

క్రిందటేడు అత్తకి కళ్ళు పచ్చబడ్డాయి. లివరు పాడైందన్నారు. డాక్టరు మామూలుగానే అడిగాడు, అలవాటేమైనా ఉందామ్మా అని. చూడ్డానికొచ్చిన బంధువులు అదే ప్రశ్న వరండాలో గుసగుసగా వేసుకున్నారు. బండి నడిపేదిగా, ఇదీ ఉండే ఉంటుంది అన్నారు. అత్త మంచం మీద అంతా విని, "మా ఇంట్లో ఎవరు చచ్చినా తాగుడేనే" అంది నాతో.

నాన్న ఒకరోజు బత్తాయిలు పట్టుకుని వచ్చారు. మంచం పక్కన నిలబడి ఏదో అనబోయారు. అత్త కళ్ళు తెరిచి చూసింది.

"అన్నయ్యా, ఈ ఆదివారం రాలేను. ఏమీ అనుకోకు."

నాన్న బయటికొచ్చి గోడకి తల కొట్టుకున్నారు. నర్సులు పట్టుకున్నారు. అత్త గోడవైపు తిరిగి పడుకుంది. వాళ్ళిద్దరూ మాట్లాడుకోవడం అదే ఆఖరు.

అత్తని మామయ్య పక్కనే పెట్టాం. వాన పడి ఆగింది. ఇప్పటి పాస్టరుగారు కుర్రవాడు, కొత్తగా వచ్చినాయన. ప్రార్థన అయ్యాక, "అన్నగారు రెండు మాటలు చెప్తారు" అన్నారు. నాన్న గుంట అంచు దాకా వెళ్ళారు.

"మా బావ తాగలేదండి" అన్నారు. గొంతు పెద్దదే, అందరికీ వినబడింది. "వాసన రాలేదండి. నేనబద్ధం చెప్పాను. తీగ కట్టింది నేనే."

ఎవరికీ ఏమీ అర్థం కాలేదు. మామయ్య పోయి ఎన్నేళ్ళైందో కూడా చాలామందికి గుర్తు లేదు. ఆడవాళ్ళు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. సంఘ పెద్ద ఒకాయన నాన్న భుజం చుట్టూ చెయ్యి వేసి వెనక్కి తీసుకొచ్చాడు. "ఊరుకోండి. చెల్లెలు పోయింది, మతి చెదిరింది పాపం" అన్నాడు. పాస్టరుగారు తలూపి పాట నంబరు చెప్పారు. అందరూ పాడారు. పాడుతూ ఒక్కొక్కరూ వచ్చి పిడికెడు మట్టి వేసి వెళ్ళారు. నాన్న కూడా వంగి మట్టి తీసుకోవడం చూశాను.

ఇంటికొచ్చాక నర్సరీ గేటు దగ్గర ఆటో దిగి, నాన్న ఒక్కసారి ఆగిపోయారు. కుడి పిడికిలి ఇంకా మూసే ఉంది. సమాధిలో వెయ్యడం మర్చిపోయారు. తెరిచి చూసుకున్నారు. తడిసిన మట్టి, వేళ్ళ గుర్తులతో ముద్దయిపోయి ఉంది. చుట్టూ ఎటు చూసినా మట్టే. సంచుల్లో మట్టి, కుప్పల్లో మట్టి, దారంతా మట్టి. ఆ ముద్దని ఎక్కడ పెట్టాలో తెలియక, చెయ్యి చాచుకుని, మొక్కల మధ్య అలా నిలబడిపోయారు.